కారు సస్పెన్షన్ బుష్‌లు: రబ్బరా, పాలీయురేతేనా? మార్చే ముందు తెలుసుకోవాల్సినవి

తిరువళ్ళూరు, తిరుత్తణి నుంచి నగరి, పుత్తూరు మీదుగా తిరుపతికి కారులో వెళ్లివచ్చే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. పెళ్లయినా, తిరుమల దర్శనమైనా బండిలో ఐదుగురు, వెనుక సామాను మామూలే. ఇలా తిరిగే కారు కొన్నేళ్లకు స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర 'టక్' మంటుంది. షాక్ అబ్జార్బర్ పోయిందనుకుంటాం. చాలాసార్లు పోయింది దానికంటే చిన్న వస్తువు, బుష్.

మార్చాలన్నప్పుడు 'రబ్బరు వద్దు, పాలీయురేతేన్ వేయించండి, బండి ఉన్నంతకాలం ఉంటుంది' అనే సలహా వస్తుంది. అందులో సగమే నిజం. పాలీ అంటే మెరుగైన రబ్బరు కాదు, వేరే గుణమున్న పదార్థం. కొన్ని చోట్ల బాగా పనిచేస్తుంది, కొన్ని చోట్ల బండికి చెరుపు చేస్తుంది. ఇంటి అవసరాలకు వాడే కారుకు చాలా చోట్ల కంపెనీ రబ్బరు బుష్షే సరైనది.

బుష్ ఏం చేస్తుంది?

చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్, బండి చట్రానికి కలిసే చోట ఇనుముకీ ఇనుముకీ మధ్య ఉండే మెత్తటి కీలు బుష్. చక్రం పైకీ కిందికీ ఆడటానికి వీలిస్తుంది, రోడ్డు అదురును లోపలికి రానివ్వకుండా ఆపుతుంది, బ్రేకు వేసినప్పుడు చక్రం తన చోటు నుంచి జరగకుండా పట్టి ఉంచుతుంది. ఈ మూడో పని ప్రాణాలకు సంబంధించింది. తిరుమల నుంచి ఘాట్ రోడ్డులో దిగుతూ మలుపు మలుపుకూ బ్రేకు వేస్తున్నప్పుడు బుష్ చిరిగి ఉంటే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది.

అరిగిందని ఎలా తెలుస్తుంది?

• గుంతల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద టక్ టక్ శబ్దం
• బ్రేకు వేస్తే బండి పక్కకు లాగడం
• టైరు లోపలి అంచు మాత్రమే అరగడం
• అలైన్‌మెంట్ చేయించినా కొద్ది రోజులకే తప్పడం

వీటిలో కొన్ని బాల్ జాయింట్, లింక్ రాడ్, షాక్ అబ్జార్బర్ పాడైనా వస్తాయి. కాబట్టి శబ్దం విని తీర్పు చెప్పకూడదు. బండిని లిఫ్ట్ మీద ఎత్తించి, ఆర్మ్‌కూ చట్రానికీ మధ్య ఇనుప లివర్ పెట్టి కదిపి చూడమనండి. రబ్బరు లోతుగా చీలినా, ఇనుప గొట్టం నుంచి ఊడినా మార్చాల్సిందే. పైపైన సన్నని పగుళ్లు మాత్రమే ఉంటే తొందర లేదు. మెకానిక్ 'బుష్ తేంజు పోచ్చు' అంటే 'ఎంద బుష్?' అని అడగండి. ఒక్క ముందు భాగంలోనే ఆర్మ్ బుష్‌లు, స్టెబిలైజర్ బార్ బుష్‌లు వేర్వేరుగా ఉంటాయి.

రబ్బరుకూ పాలీకీ తేడా

రబ్బరు బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. చక్రం కదిలితే రబ్బరే మెలితిరిగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. ఎటు కదిలినా కొంత సర్దుకుంటుంది. ఎండ, నూనె, వయసు దానికి శత్రువులు. కర్తరి ఎండలకు పేరుపడ్డ తిరుత్తణిలో బయట నిలిపే బండ్లకు ఇది తెలిసిన సంగతే.

పాలీయురేతేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. పాలీ బుష్ సాధారణంగా గొట్టానికి అతికి ఉండదు, లోపలి గొట్టం దానిలో తిరుగుతుంది. అందుకే గ్రీజు కావాలి. గ్రీజు ఆరితే కిర్రుమంటుంది. ఇంజన్ ఆయిల్ చుక్కలు పడినా రబ్బరంత త్వరగా ఉబ్బదు. గట్టిగా ఉండడం వల్ల స్టీరింగ్ చురుగ్గా అనిపిస్తుంది, అదే కారణంగా రోడ్డు అదురు, శబ్దం సీటు దాకా వస్తాయి. నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్లు వెనుక కూర్చునే బండికి ఇది చిన్న విషయం కాదు.

ఎక్కడ ఏది?

స్టెబిలైజర్ బార్ బుష్‌లు: పాలీకి అనువైన చోటు. ఇక్కడ బార్ ఒకే తీరున తిరుగుతుంది. చాలా కార్లలో బ్రాకెట్ బోల్టులు విప్పితే చాలు, ప్రెస్ అక్కర్లేదు.

బొలెరో వంటి బండ్ల వెనుక కమాన్ పట్టీల కళ్లు, షాకిల్: బరువు మోసే బండికి పాలీ బాగా నిలుస్తుంది. గ్రీజు మాత్రం మానకూడదు.

ముందు లోయర్ ఆర్మ్: స్విఫ్ట్, ఐ10 వంటి కార్లకు కంపెనీ రబ్బరే మేలు. బాల్ జాయింట్ కూడా వదులైతే రెండూ అమర్చి వచ్చే పూర్తి ఆర్మ్ వేస్తే కూలీ కలిసొస్తుంది.

వెనుక టార్షన్ బీమ్: పాలీ వద్దు. ఆ బుష్ ఒకేసారి పలు దిక్కులకు సర్దుకోవాలి. గట్టి బుష్ వేస్తే ఒత్తిడి బీమ్ మీదా, చట్రం మీదా పడుతుంది.

కొనేటప్పుడు

గట్టిదనాన్ని షోర్ ఏ అనే కొలతలో చెబుతారు. కారు రబ్బరు బుష్‌లు ఎక్కువగా 50 నుంచి 70 మధ్య, పాలీ 70 నుంచి 95 మధ్య ఉంటాయి. రోడ్డు వాడకానికి 80 దాటకపోవడం మంచిది. రంగు చూసి గట్టిదనం చెప్పలేం, ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. పవర్‌ఫ్లెక్స్ వాళ్లు ఊదా రంగును రోడ్డుకు, నలుపును రేసుకు వాడతారు. మరో కంపెనీ నలుపు మామూలు రకమే కావచ్చు.

కాక్కలూరు, అంబత్తూరు వంటి పారిశ్రామిక వాడలు దగ్గరున్నాయి కాబట్టి 'పీయూ కడ్డీ కొని లేత్‌లో తిప్పిద్దాం' అనేవారూ ఉంటారు. ఆ కడ్డీలు యంత్రాల కోసం చేసినవి, ఎక్కువగా 90 షోర్ ఏ దగ్గర ఉంటాయి. ఆర్మ్‌కు వేయించకండి. పాలీలోనూ రెండు రకాలున్నాయి. పాలిఈథర్ రకం నీటిని బాగా తట్టుకుంటుంది, పాలిఎస్టర్ రకం వేడి, తేమల్లో కాలక్రమేణా చెడుతుంది. చెన్నై పుదుపేట, జనరల్ ప్యాటర్స్ రోడ్డు దుకాణాల్లో కొన్నా పార్ట్ నంబరు, బిల్లు తప్పనిసరి. వారంటీలో ఉన్న కారుకు బయటి బుష్ వేయించే ముందు డీలర్‌ను అడగండి.

మార్చే పద్ధతి

1. చదునైన నేల మీద, చక్రాలకు అడ్డు పెట్టి, స్టాండ్లు వేసి పని చేయాలి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి కింద ఎవరూ దూరకూడదు.

2. పాత బుష్ ఏ దిక్కుకు ఉందో ఆర్మ్ మీద గీత గీసుకోవాలి. ఖాళీలున్న బుష్ తిరగేసి వేస్తే పని చెడుతుంది.

3. హైడ్రాలిక్ ప్రెస్‌తో తీయాలి. సుత్తి దెబ్బలకు ఆర్మ్ వంగుతుంది. గ్యాస్ మంటతో కాల్చి తీయనివ్వకండి. కాలే పాలీయురేతేన్ నుంచి విషవాయువులు వస్తాయి.

4. రబ్బరుకు సబ్బు నీళ్లు చాలు, నూనె రాయకూడదు. పాలీకి దానితో వచ్చిన సిలికాన్ గ్రీజే వాడాలి.

5. రబ్బరు బుష్ బోల్టును చక్రాలు గాలిలో ఉండగా పూర్తిగా బిగించకూడదు. బండిని నేల మీదికి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే టార్క్ రెంచ్‌తో చివరి బిగువు ఇవ్వాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. 'కొత్త రబ్బరు నాసిరకం' అనే ఫిర్యాదుల వెనుక తరచూ ఉండే కారణం ఇదే. పనిచేసే వ్యక్తిని ముందే అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే.

ఎడమ, కుడి రెండూ ఒకేసారి మార్చాలి. 'పళసు కాట్టుంగ' అని పాత బుష్‌లు అడిగి చూడండి.

మార్చాక

ఆర్మ్ విప్పిన ప్రతిసారీ వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక బోల్టులు ఒకసారి చూపించండి. పాలీ వేసిన చోట ఈశాన్య రుతుపవనాల వానలు ముగిశాక, అంటే సంక్రాంతి ప్రయాణాలకు ముందు, గ్రీజు చూపించుకోవడం మంచి అలవాటు. 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు వెళ్లే కార్లకైతే, తనిఖీకి ముందే బుష్‌లు, బాల్ జాయింట్లు చూపించుకుంటే రెండోసారి తిరిగే పని తప్పుతుంది.