తగినవాడు కాదు

మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకున్నాడని మొదటిసారి చదివినప్పుడు నేను నమ్మలేదు. మనకి ఆయన గాంధీగారి పక్కన వేలాడే ఫోటో. తీరా చూస్తే నిజమే.

1956 జనవరి 30 రాత్రి అలబామా రాష్ట్రంలోని మాంట్‌గమరీలో ఆయన ఇంటి వరండాలో బాంబు పేలింది. బస్సుల బహిష్కరణ మొదలై అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆయన సభలో ఉన్నాడు. ఇంట్లో భార్య కొరెటా, పది వారాల పసిపిల్ల. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాతే పిస్టల్ వెంట ఉంచుకోడానికి అనుమతి అడిగాడు. అక్కడి చట్టం ప్రకారం అడిగేవాడికి ప్రాణభయం ఉండాలి, పైగా అతను ‘తగిన వ్యక్తి’ అయివుండాలి. భయానికి సాక్ష్యం వరండాలోనే ఉంది. తగినవాడో కాదో తేల్చేది మాత్రం అధికారి. ఇవ్వలేదు.

చట్టంలో నల్లవాళ్ళకి ఇవ్వొద్దని ఎక్కడా లేదు, చూడండి. మన దగ్గర 1878 ఆయుధాల చట్టం కింద భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియన్‌కి అక్కర్లేదు. ఆ పక్షపాతం కాగితం మీదే కనపడేది. అలబామాకి ఒక్క విశేషణం చాలింది.

లైసెన్సు రాకపోయినా ఇంట్లో తుపాకులున్నాయి. ఒక విలేఖరి కుర్చీలో ఉన్న పిస్టల్ మీద కూర్చోబోతుంటే బయార్డ్ రస్టిన్ కేకేసి ఆపాడట! అహింసా ఉద్యమం నడుపుతూ ఇదేమిటన్న ప్రశ్న కింగ్‌ని వదల్లేదు. చివరికి వాటిని వదులుకున్నాడు.

ఇదంతా దక్షిణాది జబ్బే అనుకుందామంటే, న్యూయార్క్ కూడా ‘తగిన కారణం’ చూపమనేది. తుపాకీ దాచుకుని తిరగడానికి లైసెన్సు కావాలన్న అక్కడి చట్టం 1911 నాటిది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు 6–3తో ఆ నిబంధన కొట్టేసింది. ఆ కేసులో తుపాకీ సంఘం వైపు నిలబడి వాదన సమర్పించినవాళ్ళలో పేదల తరఫున పనిచేసే నల్లజాతి లాయర్లున్నారు. లైసెన్సు లేదన్న నేరం కింద జైలుకెళ్ళేది ఎక్కువగా తమ క్లయింట్లేనని వాళ్ళ మాట. బడుల్లో కాల్పుల వార్తలు చూసి, కఠినమైన చట్టాలుండాలని కోరుకునే నాకు ఇది మింగుడుపడలేదు. ఇప్పటికీ పడలేదు.

అలబామాలో 2023 జనవరి నుంచి పిస్టల్ దాచుకుని తిరగడానికి అసలు లైసెన్సే అక్కర్లేదు. తగినవాడా అని షెరీఫ్ చూడడు. ప్రాణభయం ఉందా అని కూడా అడగడు.