ప్రతులు నేర్పిన పాఠం
యాదగిరిగుట్ట, అజంతా గుహలు ఒకప్పుడు ఒకే హైదరాబాదు సంస్థానంలో ఉండేవి. ఆ గుహల గోడలపై ఉన్న చిత్రాలకు ప్రతులు వ్రాసినవారి చరిత్ర ఆలోచింపదగినది. 1844లో నియుక్తుడైన రాబర్టు గిల్ ఏళ్ళ తరబడి వ్రాసిన ప్రతులలో అధికభాగం 1866లోను, గ్రిఫిత్సు, ఆయన బొంబాయి శిష్యులు వ్రాసినవాటిలో అనేకం 1885లోను లండనులో అగ్నికి ఆహుతి అయినవి.

1909లో హెరింగ్‌హామ్ దొరసాని ఆ పనిని మరల చేపట్టినారు. నందలాల్ బోసు, అసిత్ కుమార్ హల్దారులతోపాటు హైదరాబాదువారైన సయ్యద్ అహమ్మదు, ఫజ్లుద్దీనులు ఆమెకు తోడైనారు. ఒకటవ గుహలోని పద్మపాణి ముఖంలో కరుణ అంతా వాలిన కనురెప్పల రేఖలో ఉన్నది. ఆ రేఖను మరల మరల వ్రాస్తేగాని అది చేతికి పట్టుబడదు. సయ్యద్ అహమ్మదు తరువాత ఆ గుహలకే సంరక్షకులైనారు. ప్రతులు కాలిపోవచ్చును, వ్రాసిన చేతికి అబ్బిన విద్య కాలిపోదు.