ఓడరేవున ఎవరికి ముందు?



మన గోదావరి జిల్లాలలో వయసు మళ్ళినవారు "రంగము పోయినాడు" అనుట మీరందరును వినియుందురు. ఆ రంగము నాటకరంగము కాదు. నాటి బర్మాదేశపు రాజధానియైన రంగూను పట్టణము. ఒక తరమువారికి ఆ మాట చెవిని పడినంతనే మనియార్డరులును, తగరపు పెట్టెలును జ్ఞప్తికి వచ్చెడివి. అట్లు పోయినవారు గడించిన దెంత, పోగొట్టుకొన్న దెంత యను లెక్క మరియొక దినమున చూచుకొందము. ఇంట చావో, పురుడో, దుర్వ్యాధియో సంభవించినపుడు సముద్రమున కావలనున్నవాడు రావలెనన్నను, ఇచ్చటివారు పోవలెనన్నను, ఎవరిని ముందు విడువవలెను, ఎవరిని నిలుపవలెను అని నిర్ణయించిన దెవరు? ఆ నిర్ణయమునకు మూలమైన నియమము జనులకు తెలిసెనా, గుమాస్తా మనసులోనే యుండిపోయెనా? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి ముగిసినది. దానికి దిగువనున్న సీమ పల్లపు భూములతో పచ్చనయ్యెను. మా కోరుకొండ రాజమహేంద్రవరమునకు ఎగువన మెట్టలో నున్నది. ఆ కాలువల నీరు మా దిక్కునకు ఎక్కి రాలేదు. వాన కురిసిన పంట, కురియనిచో వలస. అయితే పల్లపు గ్రామములలో మాత్రము భూమిలేని కూలివాడు సుఖముగా నుండెనా? వాడును రేవు దారియే పట్టెను. మొదట ఆ రేవు కోరంగి. 1839లో వచ్చిన తుపాను కోరంగిని పాడుచేసెను. గౌతమి తెచ్చిన మేట మిగిలిన పని చేసెను. పిమ్మట కాకినాడ పెద్దరేవయ్యెను. కాని రంగూనులో తెలుగు కూలివానిని జనులు 'కోరంగీ' యనియే పిలిచిరి. రేవు పూడిపోయినను పేరు పూడలేదు. కాకినాడయందు పొగయోడ ఒడ్డునకు రాదు. దూరముగా లంగరు దించును. జనులు పడవల నెక్కి పోయి, అందుండి ఓడ డెక్కు మీదకు ప్రాకి, మూటలు పరచుకొని, ఎండకు వానకు ఓర్చి బంగాళాఖాతము దాటెడివారు.

1931 జనాభా లెక్కలలో బర్మాయందు భారతీయులు పది లక్షలకు పైబడి యుండిరి. రంగూను జనము నాలుగు లక్షలు కాగా అందు సగమునకు మించినవారు మనదేశస్థులే. తెలుగువారు ఆ దేశము మొత్తముమీద లక్షకు మించియుండిరి. ధాన్యపు మిల్లులలోను, రేవులో బరువులు మోయుటయందును వారే ప్రధానులు. వీరిలో మగవారే మిక్కిలి; ఆలుబిడ్డలు ఊరిలోనే యుండెడివారు. కావున కుటుంబమనునది రెండు తీరములందు చీలియుండెను. ఈ సంగతి మరువకుడు. తరువాతి కష్టమునకు మూలమిదియే.

1937 ఏప్రిలు 1వ తేదీ వరకు బర్మా హిందూదేశ ప్రభుత్వములో ఒక భాగము. దాటుటకు అనుమతి చీటీ యక్కరలేదు. తల్లికి ప్రాణముమీదికి వచ్చినదని తంతి యందినచో, కొడుకు ఓడ కూలి చేత పట్టుకొని రేవునకు పోవుటయే. ముందు వెనుకల నిర్ణయము చేసినవి రెండే: ఓడ బయలుదేరు దినము, చేతిలోని డబ్బు. కాని ఇది రామరాజ్యమని పొగడుటకు నాకు నోరు రాదు. మేస్త్రీకి బయానా బాకీ పడినవాడు, తల్లి పోయినను, ఆ బాకీ తీరువరకు కదలుట కష్టము. మేస్త్రీ ఎవరిని విడుచునో, ఎవరిని విడువడో అడుగుటకు ఏ పుస్తకమును లేదు. మన వలసలలో మొదటి అనుమతి యధికారి ఆ మేస్త్రీయే యని నా యభిప్రాయము.

తరువాత రోజులు మారినవి. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టగా, వారి స్థానమున బర్మీయులను తీసుకొనిరి. సమ్మె ముగిసి మనవారు తిరిగి పనిలోనికి వచ్చునపుడు ఘోరమైన కొట్లాట జరిగి అనేకులు మడిసిరి. 1938లో మరల అల్లరులు. పిమ్మట బర్మా ప్రభుత్వము బాక్స్టరు దొరచే వలసలపై విచారణ చేయించెను. మనవారు బర్మీయుల నోటికూడు లాగుకొనుచున్నారను అపవాదునకు ఆయనకు ఆధారము కనబడలేదు. అయినను 1941లో రెండు ప్రభుత్వములకును ఒడంబడిక కుదిరినది. మన పక్షమున మాటలాడినవారు సర్ గిరిజాశంకర బాజపాయి. ఆ ఒడంబడిక ప్రకారము పర్మిట్లు రెండు తరగతులు: 'ఏ' పర్మిట్టు గలవాడు కాలపరిమితి లేక నివసింపవచ్చును, 'బీ' పర్మిట్టు గలవానికి గడువు కలదు. చేతిపని నేర్వని కూలికి తలుపు మూసిరి. ముందుగా ప్రజాభిప్రాయము కోరక ఇట్టి కట్టడి చేసినందులకు దేశమంతట నిరసన లేచెను. గాంధీగారును దానిని ఖండించిరి. నియమము కఠినమని నేనును ఒప్పుదును. కాని అది అచ్చుపడిన నియమము. చదివి తప్పు పట్టుటకు వీలున్నది. తప్పు పట్టుటకే వీలులేని దుస్థితి మరి కొలది నెలలకే వచ్చినది.

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారి విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. క్రిస్మసునాడు మరల వేసినవి. వీథులలో గుమిగూడి ఆకసము వంక చూచుచున్నవారు, రేవులో పనిలోనున్నవారు, పెక్కుమంది చనిపోయిరి. మిగిలినవారు మూటలు నెత్తిని బెట్టుకొని ప్రోము దారిని నడక సాగించిరి. కూలీలు లేనిదే రేవు సాగదని, వారిని బుజ్జగించి వెనుకకు మరలించిరి. సర్కారునకు రేవు కావలెను. కూలివానికి తన యాలుబిడ్డలు కావలెను. ఈ రెంటిలో ఏది ముందని వానిని అడిగినవారు లేరు.

ఇక ఓడల సంగతి. ఓడలు కొలది, ఎక్కదలచినవారు లక్షలు. ఇట్టి వేళ వరుస యనునది తప్పదు. ఆడువారు, పిల్లలు, రోగులు ముందు పోవలెనన్న నెవరు కాదందురు? కాని వరుస యేమో, అది యెట్లు కట్టిరో గోడమీద వ్రాసి యంటింపలేదు. టిక్కెట్టు గదిలో ఇచ్చిన మాట యొకటి, ఓడ నిచ్చెన దగ్గర విన్న మాట మరియొకటి. గది టిక్కెట్టు కొనగలవాడు పోయెను. డెక్కు మీద పోవువాడు నిలిచెను. మగ కూలీలకు అడ్డంకులు పెట్టిరి. భార్యను బిడ్డలను ఓడ యెక్కించి, తాను ఒడ్డున నిలిచి, తరువాత కొండదారిని నడిచి వచ్చిన మగవారెందరో. భార్య కాకినాడలో దిగి, మగడు బ్రతికియున్నాడో లేదో తెలియక నెలలకొలది యెదురుచూచిన ఇండ్లు మన జిల్లాలలో అనేకము. అట్టి ఇండ్లవారు చెప్పగా నేను బాల్యమున వినియున్నాను. వారు బాంబులను తిట్టినదానికంటె టిక్కెట్టు గదిని తిట్టినదే హెచ్చు.

1942 మార్చి 8వ తేదీన రంగూను శత్రువుల పాలయ్యెను. అంతకుముందే సముద్రపు దారి మూసుకొనిపోయినది. మిగిలినవి నేలదారులు. తౌంగప్ కనుమ దాటి అక్యాబు మీదుగా చిట్టగాంగునకు ఒకటి; తామూ మీదుగా మణిపురమునకు ఒకటి; ఉత్తరమున హుకాంగు లోయ గుండ లెడో చేరునది వేరొకటి. మాండలేయందు శిబిరములలో వేలకొలది జనము. దినమునకు ఇంతమందినే తామూ దారిని విడుతుమని కట్టడి. ముందుగల మజిలీలలో అన్నము, నీరు చాలవు గనుక అట్లు చేసితిమని అధికారులు చెప్పిరి. ఆ కారణము నిజమే కావచ్చును. అయితే నేటి యింతమందిలో ఎవరు, రేపటి యింతమందిలో ఎవరు? దానికి సమాధానము లేదు. శిబిరములో కలరా. ఒక్క దినము ముందు పోవుట ప్రాణము దక్కుట, ఒక్క దినము వెనుకబడుట ప్రాణము పోవుట అయినచోట, వరుస చెప్పని అధికారి యెంత మంచివాడైనను జనులకు యముని వలెనే కనబడును.

మణిపురపు దారియందు 'తెల్లదారి', 'నల్లదారి' యను మాటలు పుట్టినవి. తెల్లవారికి, వారితో కలిసిన ఆంగ్లో-ఇండియనులకు బండ్లును, మంచి మజిలీలును గల దారి. మనవారికి నడకయు, నీరులేని మజిలీలునుగల దారి. విమానములలోను అట్లే జరుగుచున్నదని మొర. వైస్రాయి కార్యవర్గములో ప్రవాస భారతీయుల శాఖ చూచుచున్న ఆణే గారును, పండిత హృదయనాథ కుంజ్రూ గారును అస్సాము, మణిపురములకు స్వయముగా పోయి చూచిరి. కుంజ్రూ గారు భేదమున్నదని బాహాటముగా చెప్పిరి. ఆ వేసవిలోనే అలహాబాదున కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము దీనిపై తీర్మానము చేసెను. సర్కారువారు తమకు భేదబుద్ధి లేదనిరి. నిజముగా లేదే యనుకొందము, రుజువేది? వరుసను ముందే అచ్చువేసి యంటించియున్నచో, దానిని చూపి నోరు మూయించి యుండవచ్చును గదా! వ్రాతపూర్వకమైన వరుస లేనందున మంచి చేసిన అధికారికిని సాక్ష్యము లేకపోయెను. ఆ దారులలో నాలుగు లక్షల మంది వరకు స్వదేశము చేరిరి. వేలమంది చేరలేదు.

యుద్ధము ముగిసిన పిదప, విడిచి వచ్చిన ఇంటిని, వ్యాపారమును వెదకుకొనుచు మరల పోదలచినవారికి 1947లో బర్మావారు చేసిన వలస చట్టము అడ్డు వచ్చెను. మునుపు అచ్చట నివసించితిమని రుజువు చూపవలెను. అడవులు దాటి వచ్చినవాడు కాగితములు తెచ్చునా? 1948 జనవరి 4వ తేదీన ఆ దేశము స్వతంత్రమైనది. 1964లో అచ్చటి సైనిక ప్రభుత్వము దుకాణములు జాతీయము చేయగా, మరల తిరుగుప్రయాణము. ఈ మారు మన ప్రభుత్వమే ఓడలు పంపెను. రాయబార కార్యాలయమున పేర్లు వ్రాసికొనిరి. తెచ్చుకొన నిచ్చిన రొక్కము మాత్రము స్వల్పము. విశాఖపట్టణములో నేటికిని బర్మాక్యాంపు అను పేట కలదు.

ఇచ్చటనుండి 2020వ సంవత్సరమునకు రండు. కొరోనా వ్యాధిచే విమానములు నిలిచినవి. కువైటులో ఇండ్ల పనికి పోయిన మన గోదావరి స్త్రీలు, పని పోయి, గడువు మీరి, అచ్చటనే చిక్కుపడిరి. ఆ మే నెలలో మన కేంద్ర ప్రభుత్వము విదేశములనుండి జనమును తెచ్చుటకు పూనుకొన్నపుడు, ఎవరికి ముందో ఒక ఉత్తరువులో వ్రాసి వెలువరించినది: పని పోయిన కూలీలు, వీసా గడువు ముగియవచ్చినవారు, రోగులు, గర్భిణులు, వృద్ధులు, ఇంట చావు జరిగి రావలసినవారు, విద్యార్థులు. 1942తో పోల్చిన ఇది గొప్ప మార్పు. ఒక గర్భిణి ఆ ఉత్తరువును చూపి "నా పేరేది?" యని అడుగవచ్చును. కాని ఆ తరగతులలో ఒకదానికంటె ఒకటి ఎంత ముందో, ఒకే తరగతిలో నూరుగురున్నచో మొదటి పదుగురిని ఎట్లు ఏరుదురో అందులో లేదు. ఆ యేరుట రాయబార కార్యాలయములకు విడిచిరి. కావున ఫోను మోగునేమోనని రాత్రియంతయు మేలుకొని కూర్చొనుట తప్పలేదు.

నేడు మన పల్లెలలో రంగమున కున్న స్థానము అమెరికాకు వచ్చినది. అచ్చటి చట్టములో రెండు విధములైన వరుసలు కలవు. రెంటికిని భేదమెంతో చూడుడు. తోబుట్టువులను శాశ్వతముగా పిలిపించుకొను వీసాకు, 1965 నాటి చట్టమునుండి వచ్చిన క్రమము ననుసరించి, ప్రతి నెలయు ఒక పట్టిక వెలువడును. ఏ తేదీకి ముందు అర్జీ పెట్టినవారి వంతు వచ్చినదో దానిలో అచ్చుపడును. ఏ ఒక్క దేశమునకును నూటికి ఏడుకు మించి యీయరాదన్న కట్టడిచే మనవారి వంతు పదునైదేండ్లకు పైబడి సాగును. నిరీక్షణ దీర్ఘమే, కాని తన యర్జీ తేదీ తెలిసిన ముసలివాడు ఆ పట్టిక చూచి తన ముందు ఎంత దూరమున్నదో గ్రహింపగలడు. వానిని ఎవడును త్రోసి ముందుకు పోలేడు.

రెండవది అత్యవసరపు వరుస. కొన్నాళ్ళు చూచి వచ్చుటకు పోవు వీసాకు హైదరాబాదు కాన్సులేటులో, కొరోనా తరువాతి కాలమున, సంవత్సరమునకు మించి ఆగవలసి వచ్చినది. అట్టి వేళ ముందుగా పిలువుడని మనవి చేసుకొనవచ్చును. ఆ మనవులను గూర్చి అమెరికావారు ఇటీవలి యేండ్లలో ప్రకటించిన నియమములలో దగ్గరి బంధువు మరణము, ప్రాణాపాయమైన జబ్బు అంగీకృత కారణములు. పెండ్లి కాదు. గర్భిణియైన బంధువునకు తోడుపోవుట కాదు.

ఈ కడపటి మాట మన యిండ్లలో గుచ్చుకొనును. మొదటి పురుడు పుట్టింటి బాధ్యత. కూతురు రాలేనపుడు తల్లియే పోవలెను. మన దృష్టిలో అది చావుకంటె తక్కువ యవసరము కాదు. అయినను, ఒప్పుకొన మని వారు ముందే వ్రాసి పెట్టిరి గనుక, తెలిసిన తల్లి ఆరు నెలలు ముందుగా మామూలు వరుసలోనే పేరు వేయించుకొని పోవుచున్నది. నాకు ఎక్కువ కష్టముగా తోచునది వేరొకటి: తండ్రి శవము ఇంట నుండగా చేసిన ఇరువురి మనవులలో ఒకటి యంగీకరించి, మరియొకటి త్రోసివేసి, ఎందువలననో వివరముగా చెప్పకుండుట. నిరాకరణ లేఖలో రెండు వాక్యములుండును. అవియు అందరికిని ఒక్కటియే. మా ప్రాంతమున అట్టి లేఖ నందుకొన్న యొక కుటుంబమువారు దానిని నాచే మూడుసార్లు చదివించుకొనిరి. మూడవసారి చదివినపుడును అందులో కారణము లేదు. మరునాడు చిన్నకుమారునిచే తలకొరివి పెట్టించిరి.