నిప్పుతో చల్లదనము

వేసవిలో కుండలోని నీరు చల్లబడుట మనకు తెలిసినదే. కుండ గోడలోని సన్నని రంధ్రముల గుండ ఊరిన నీరు ఆవిరియగుచు, అందుకు కావలసిన వేడిని కుండనుండియే గ్రహించును. శీతలయంత్రములకును ఈ గుప్తోష్ణమే ఆధారము. అయితే ఆ ఆవిరిని పోనీయక మరల ద్రవముగా మార్చుట ఎట్లు? సాధారణ యంత్రములో మోటారుతో నడచు పంపు వాయువును నొక్కి ఆ పని చేయును. నిప్పుచేత కూడ ఆ పని చేయింపవచ్చును.

1823లో మైకేల్ ఫారడే, అమ్మోనియాను పీల్చుకొన్న సిల్వర్ క్లోరైడును వంచిన గాజుగొట్టములో ఒక కొనయందుంచి, గొట్టమును మూసి, ఆ కొనను వేడిచేసెను. వెలువడిన అమ్మోనియా చల్లని రెండవ కొనయందు ద్రవమయ్యెను. వేడి తీసివేయగనే సిల్వర్ క్లోరైడు వాయువును మరల పీల్చుకొనసాగెను; ద్రవము మరగి, ఆ కొన మిక్కిలి చల్లబడెను. ఆయన కోరినది వాయువును ద్రవముగా మార్చుట. చల్లదనము కొసరుగా లభించినది!

ఫ్రెంచి ఇంజనీరు ఫెర్డినాండ్ కారే, సిల్వర్ క్లోరైడుకు మారుగా నీటిని ఎన్నుకొని 1859లో పేటెంటు పొందెను. చల్లని నీరు తన పరిమాణమునకు వందల రెట్లు అమ్మోనియాను కరిగించుకొనును, వేడిచేసినచో విడిచివేయును. కారే యంత్రమున బాయిలరునుండి వెలువడిన అమ్మోనియా చన్నీటిచే చల్లబడి ద్రవమగును. పీడనము తక్కువగానున్న భాగమున ఆవిరియై మంచుగడ్డను తయారుచేయును. పిదప నీటిలో కరగును. ఆ ద్రావణమును చిన్న పంపు బాయిలరులోనికి త్రోయును. అమెరికా అంతర్యుద్ధకాలమున (1861–65) దక్షిణ రాష్ట్రములకు ఉత్తరాది సరస్సుల మంచు అందకుండ పోయెను. అపుడు నౌకాదిగ్బంధమును తప్పించుకొని చేరిన కారే యంత్రములే అచట మంచును అందించినవి.

ఆ చిన్న పంపును కూడ తొలగించినవారు స్టాక్‌హోము విద్యార్థులు ప్లాటెన్, మున్టర్స్ (1922). వారు ఆవిరియగు భాగమున హైడ్రోజనును చేర్చి, యంత్రమంతటను మొత్తము పీడనము సమానముగా నుండునట్లు చేసిరి. అయినను డాల్టన్ నియమము ననుసరించి అచట అమ్మోనియా పాక్షికపీడనము తక్కువ. కావున ద్రవము సులభముగా ఆవిరియగును. వేడిచే పుట్టిన బుడగలే ద్రావణమును పైకెత్తును. కదలు భాగము లేదు, చప్పుడు లేదు. 1925లో ఎలక్ట్రోలక్స్ కంపెనీ దీనిని అమ్మకమునకు తెచ్చెను.

ఇందు నిప్పు చేయు పని అమ్మోనియాను నీటినుండి విడదీయుట మాత్రమే. పెట్టెలోని వేడిని బయటకు మోయునది అమ్మోనియా. విద్యుత్తు లేని పల్లెలలో కిరోసిన్ మంటతో నడచిన ఇట్టి పెట్టెలు అనేక దేశములలో టీకామందులను చెడకుండ కాపాడినవి.