ఇంటిభాష, బాలల ఆలోచన
బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుండి తరలిన కుటుంబాలతో ఖరగ్‌పూర్‌లో తెలుగు స్థిరపడింది. ఝపటాపూర్ వంటి పేటలలోని తెలుగు బిడ్డకు ఇంట ఒక భాష, వీధిలో హిందీ, బెంగాలీ వినవస్తాయి.

పిల్లలు ఆటలో తమతో తాము పలికే మాటలను పియాజే 1923లో స్వకేంద్రిత భాషణంగా వర్ణించి, వయసుతో అవి అంతరిస్తాయని భావించారు. 1934లో వెలువడిన గ్రంథంలో వైగోట్‌స్కీ విభేదించారు: ఆ పలుకులు లోపలికి మరలి ఆలోచనకు సాధనమవుతాయి.

వీరికి ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర బాలలకు సవరలోనే చదువు చెప్పించి, వాచకాలు కూర్చారు. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన వసతులు కల్పించాలని నిర్దేశించింది. ఖరగ్‌పూర్ తెలుగు బాలల ఆలోచనా వికాసం ఆ నిర్దేశపు అమలుతో ముడిపడి ఉంది.