కెర్నెలు మారిన వేళ: పాత సీడీ డ్రైవుల కథ

2016 అక్టోబరు 11వ తేదీన పూర్వపు నల్లగొండ జిల్లా ప్రధానముగా మూడు జిల్లాలైనది. మహబూబ్‌నగర్ జిల్లా నాలుగైనది. 2019లో నారాయణపేట వేరుపడగా అవి అయిదైనవి. సూర్యాపేట ఉన్నచోటనే ఉన్నది, వనపర్తియు కదలలేదు. మారినది చిరునామా మాత్రమే. పాత జిల్లా పేరుతో జాబు వ్రాసినను తపాలా బంట్రోతు ఊరెరిగినవాడు గనుక దానిని చేర్చివేయును. కంప్యూటరునకు ఆపాటి లోకజ్ఞానము లేదు. దానికిచ్చిన చిరునామాలో ఒక్క అక్షరము తేడా వచ్చినను ‘అట్టి సాధనము లేదు’ అని చెప్పి ఊరకుండును.

లినక్సు వాడుకొనువారికి 2006, 2007 సంవత్సరములలో ఇట్టి అనుభవమే కలిగినది. రాత్రి కొత్త కెర్నెలును ఎక్కించుకొని పడుకొన్నవానికి తెల్లవారిన తరువాత సీడీ డ్రైవు కనబడదు. డ్రైవు అదే, తీగ అదే, లోపలి బిళ్ల అదే. మరి చెడినదేమి?

కెర్నెలు అనగా గింజ లేక పప్పు. యంత్రభాగములకును మనము నడుపు ప్రోగ్రాములకును నడుమ నుండి ఇరువైపుల మాట చేరవేయు భాగమునకు ఈ పేరు వచ్చినది. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించిన లినక్సు నిజమునకు ఇట్టి కెర్నెలే. ఏ యంత్రభాగముతో ఏ భాషలో మాటలాడవలెనో తెలిపెడి చిన్న ప్రోగ్రాములు, అనగా డ్రైవర్లు, దీనిలో అనేకము గలవు. సీడీ డ్రైవు పెట్టెలోని సాధనము. డ్రైవరు దానిని నడిపించు ప్రోగ్రాము. పేర్లు దగ్గరగా నుండుటచే ఒకదాని దోషము మరియొకదాని నెత్తికెత్తుట తరచుగా జరుగుచుండును.

ఈ విషయము దక్షిణ తెలంగాణపు మెట్ట జిల్లాలకు ఎందుకు సంబంధించునని అడుగవచ్చును. 1998లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రిజిస్ట్రేషను కార్యాలయములలో ‘కార్డ్’ అను కంప్యూటరు పథకమును ప్రవేశపెట్టినది. దస్తావేజులను గుమాస్తాలు పెద్ద పుస్తకములలోనికి చేతితో ఎత్తివ్రాయు పద్ధతి పోయి, స్కానరుతో బొమ్మ తీసి దాచు పద్ధతి వచ్చినది. దాని గుర్తు నేటికిని కాగితము మీద కనబడును. నల్లగొండలో గాని మహబూబ్‌నగరులో గాని ఇల్లు కొనదలచినవాడు తెచ్చుకొను ఈసీలో వాల్యూము, పేజీ సంఖ్యల సరసనే సీడీ సంఖ్యకును చోటు గలదు. 2020లో ధరణి వచ్చి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను తహసీల్దార్లకు మారినది. 2025లో ధరణి స్థానమున భూభారతి వచ్చినది. అయినను వెనుకటి క్రయవిక్రయములు ఆనాటి లెక్కలలోనే వెదకవలసియుండును. ఆ కార్యాలయములు లినక్సునే వాడినవని చెప్పుట కాదు. బిళ్ల ఏదైనను, దానిని చదువుటకు డ్రైవు, డ్రైవరు రెండును కుదురవలెనన్నదే ఇక్కడి మాట.

బిళ్ల సంగతి సులభము. 1982లో ఫిలిప్సు, సోనీ సంస్థల సీడీ సంగీతము కొరకు అంగడికి వచ్చినది. దాని మీద 1.6 మైక్రోమీటర్ల ఎడముతో సర్పిలముగా సాగు బాట కలదు. 780 నానోమీటర్ల పరారుణ లేజరు కిరణము దాని మీద పడి తిరిగి వచ్చునప్పటి వెలుగు హెచ్చుతగ్గులే అంకెలుగా మారును. సుమారు 650 మెగాబైట్ల సమాచారము పట్టును. ఫైళ్లను అమర్చు పద్ధతికి 1988లో అంతర్జాతీయ ప్రమాణము ఏర్పడినందున ఎవరు వ్రాసిన బిళ్లనైనను ఎవరైనను చదువవచ్చును.

చిక్కంతయు డ్రైవును కంప్యూటరునకు తగిలించు తావున వచ్చినది. 1990ల ఆరంభమున మిత్సుమి వారిది ఒక తీరు, సోనీ వారిది ఒక తీరు, పానసోనిక్ వారిది మరియొక తీరు. ఒక్కొక్కదానికి ఒక కార్డు, ఒక డ్రైవరు. ఆ దశకము నడిమి కాలమునకు అటాపీ అను ఉమ్మడి పద్ధతి నిలదొక్కుకొని ఈ గందరగోళము తగ్గినది. వాడువారు లేని పాత డ్రైవర్లను 2007లో కెర్నెలు నుండి తీసివేసిరి. అట్టి కార్డుగల డ్రైవు ఎవరి అటక మీదనైన ఉన్నచో ఇప్పటి కెర్నెలు దానిని గుర్తింపదు. అది మరమ్మతునకు లొంగు లోపము కాదు.

అటాపీ డ్రైవుల కథ వేరు. పాత పద్ధతిలో వీనికి హెచ్‌డీబీ, హెచ్‌డీసీ వంటి పేర్లుండెడివి. 2.4 కెర్నెలు నాళ్లలో సీడీ మీద వ్రాయవలెనన్న ఆ డ్రైవును స్కజీ జాతిదానివలె నటింపజేయు ఉపాయముండెను. 2003 డిసెంబరులో వచ్చిన 2.6తో ఆ నటన అక్కరలేకపోయినది. పాత ఆదేశమును తొలగింపక మిగిల్చుకొన్నవారే చిక్కులలో పడిరి. 2004 ఆగస్టున వచ్చిన 2.6.8 మరియొక చిత్రము చేసినది. సామాన్య వినియోగదారుడు డ్రైవునకు పంపగల ఆజ్ఞలకు అది రక్షణార్థము వడపోత పెట్టినది. చదువుట సాగినది, వ్రాయుట నిలిచినది. ఎందరో డ్రైవు చెడినదనుకొనిరి!

అటుపిమ్మట 2006 నవంబరున 2.6.19లో లిబ్‌ఏటీఏ అను కొత్త విభాగమునకు ఈ పాత తీగల డ్రైవులను నడుపు నేర్పు చేకూరినది. మరుసటి వసంతమున ఫెడోరా 7 వంటి పంపిణీలు దానికే మారెను. దానితో హెచ్‌డీసీ పోయి ఎస్‌ఆర్‌0 వచ్చినది. తెరచు చోటులను తెలుపు పట్టికలో పాత పేరు వ్రాసియున్నవాని బిళ్ల తెరువబడలేదు. ఇదియే మన సూర్యాపేట చిరునామా. 2021 ఆగస్టున వచ్చిన 5.14లో పాత విభాగమును పూర్తిగా తొలగించిరి.

ఈ చరిత్ర తెలిసినవాడు స్క్రూడ్రైవరు పట్టుటకు ముందు కంప్యూటరు మొదలగునప్పటి పట్టికలో పాత కెర్నెలును ఎన్నుకొని చూచును. సాధారణముగా పంపిణీలు వెనుకటి కెర్నెలు నొకటి ఉంచును. దానితో డ్రైవు పనిచేసినచో లేజరును, తీగను అనుమానింప పని లేదు. పనిచేయనిచో మొదట తీగయు, తరువాత కటకము మీది దుమ్మును చూడవలెను. ఎర్రనేలల ఊళ్లలో ఈ రెండవదానికి కొదువ లేదు. పాతదానితో నడచి కొత్తదానితో నడువనిచో కెర్నెలు సందేశముల చిట్టాను చదువవలెను. డ్రైవు పేరు అందులో కనబడినచో దోషము చిరునామాలోనో అనుమతిలోనో ఉండును. అసలు కనబడనిచో డ్రైవరు ఎక్కలేదన్నమాట. పేరు కనబడి, చదువునప్పుడు మాటిమాటికి తప్పులు వచ్చుచున్నచో వేగము తగ్గించి చూడవలెను. ప్రాసెసరు చేయి పెట్టకయే సమాచారమును నేరుగా జ్ఞాపకమునకు పంపు డీఎంఏ పద్ధతిని కొన్ని పాత డ్రైవులు సరిగా పాటింపవు. అట్టి మొండివాండ్ర పేర్ల పట్టికను కెర్నెలే తనలో ఉంచుకొన్నది. సీఆర్‌డీ-8400బీ అను నమూనా అందులో నొకటి.

తొలగించుటయే చరిత్ర అనుకొనరాదు. ప్రింటరు పోర్టునకు తగిలించు 1990ల నాటి డ్రైవుల కొరకు 2023లో 6.3 కెర్నెలున కొత్త డ్రైవరు చేరినది. పాతదానిని ఆ 6.3లోనే తీసివేసిరి. ఆ డ్రైవులును ఇప్పుడు లిబ్‌ఏటీఏ గొడుగు క్రిందికే వచ్చినవి.

డ్రైవు నడచినను బిళ్ల నిలుచునా అన్న ప్రశ్న మిగులును. ఇంటిలోను కార్యాలయములోను వ్రాసుకొను సీడీలలో రంగు పొర యుండును. ఎండకు, వేడికి అది క్షీణించును. నల్లగొండ వేసవిలో అటకపై నున్న బిళ్లకు ఈ రెంటి బాధయు తప్పదు. కనుక డ్రైవు పలికిన వెంటనే ఫైళ్లు తెరచి చూచుట కన్న బిళ్ల మొత్తమునకు నకలు తీయుట మంచిది. డీడీ-రెస్క్యూ అను ఉచిత ప్రోగ్రాము ముందు చదువదగిన భాగములన్నియు ఎత్తుకొని, అందనివాని గుర్తులు ఒక చిట్టాలో వ్రాసికొనును. ఆ చిట్టానే ఇచ్చి అదే బిళ్లను మరియొక డ్రైవులో పెట్టినచో, మొదటిది వదలిన చోటులను మాత్రమే రెండవది ప్రయత్నించును. ఒక లేజరునకు అందని గీత మరియొకదానికి అందుట కద్దు.