బ్రెగ్జిట్ తరువాత డ్రైవర్ సీపీసీ గుర్తింపు

డ్రైవర్ సీపీసీ యూరోపియన్ యూనియన్, బ్రిటన్‌లలో లారీ, బస్సు డ్రైవర్లకు లైసెన్సుతో పాటు ఉండాల్సిన వృత్తి అర్హత. 2003 నాటి యూనియన్ ఆదేశం దీనికి మూలం. కొత్త బస్సు డ్రైవర్లకు 2008 సెప్టెంబరు 10 నుంచి, లారీ డ్రైవర్లకు 2009 సెప్టెంబరు 10 నుంచి అమలైంది. అయిదేళ్లకోసారి 35 గంటల శిక్షణ తప్పనిసరి.

2020 జనవరి 31న యూనియన్‌ను వీడిన బ్రిటన్‌కు పరివర్తన గడువు ఆ ఏడాది డిసెంబరు 31తో ముగిసింది. ఆపై ఇరుపక్షాల వాణిజ్య, సహకార ఒప్పందం ప్రకారం, బ్రిటిష్ సంస్థల వాహనాలు నడిపేవారికి బ్రిటన్ సీపీసీ కార్డు యూనియన్ దేశాల్లో చెల్లుతుంది. అదే డ్రైవరు ఫ్రెంచి సంస్థలో చేరితే యూనియన్ దేశపు అర్హత పొందాలి. నైపుణ్యం మారకున్నా, యజమాని ఏ దేశపు సంస్థ అన్నదే ఇక్కడ కీలకం.

2024 డిసెంబరు 3న బ్రిటన్ ఈ అర్హతను దేశీయ, అంతర్జాతీయ రకాలుగా విడదీసింది. దేశీయ రకంలో 3.5 గంటల కోర్సులకూ వీలుంది. ఈ దేశీయ రకం యూనియన్‌లో చెల్లదు.